ఫార్మా పెట్టుబడులు సరే, మన పిల్లలకు దక్కేది ఏ ఉద్యోగం?

ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే హైదరాబాద్‌లో బయో ఏషియా హడావుడి మొదలవుతుంది. చిన్నగా మొదలైన ఈ సదస్సు ఇప్పుడు రాష్ట్ర సర్కారుకు పండగ లాంటిది. ముఖ్యమంత్రి, పరిశ్రమల మంత్రి వేదిక మీద ఉంటారు. విదేశీ కంపెనీల పెద్దలు వస్తారు, ఎంవోయూలు కుదురుతాయి. ఇన్ని వేల కోట్ల పెట్టుబడి, ఇన్ని వేల ఉద్యోగాలు అంటూ మర్నాడు పేపర్లలో పెద్ద పెద్ద హెడ్డింగులు కనిపిస్తాయి.

ప్రభుత్వాలు మారినా ఈ లెక్కలు చెప్పే తీరు మారలేదు. గత ప్రభుత్వం 2030 నాటికి లైఫ్ సైన్సెస్ రంగాన్ని 100 బిలియన్ డాలర్లకు చేర్చుతామని, 4 లక్షల కొత్త ఉద్యోగాలు తెస్తామని చెప్పింది. 2024 బయో ఏషియాలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 300 ఎకరాల్లో 2 వేల కోట్ల రూపాయలతో జీనోమ్ వ్యాలీ రెండో దశ తెస్తామన్నారు. 10 ఫార్మా విలేజీలు కూడా పెడతామన్నారు.

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న అబ్బాయి ఇంట్లో, అప్పు చేసి కూతురికి బీ-ఫార్మసీ ఫీజు కడుతున్న ఇంట్లో నడిచే లెక్క వేరు. చదువు అయ్యాక పిల్లలు ఈ పరిశ్రమలో ఎక్కడ నిలబడతారు? ఏసీ ల్యాబ్‌లోనా, లేక కాంట్రాక్టర్ దగ్గర రోజు కూలీకి రియాక్టర్ పక్కనా? సర్కారు విధానాన్ని ఈ ప్రశ్న దగ్గర పెట్టి చూస్తేనే అసలు సంగతి తేలుతుంది.

హైదరాబాద్‌కు ఫార్మా ఎలా వచ్చింది?

హైదరాబాద్ మందుల రాజధాని అయింది భూములు చవగ్గా దొరికినందుకు మాత్రమే కాదు. నిజాం కాలంలోనే, 1944లో, ఇక్కడ ఒక శాస్త్ర పరిశోధన సంస్థ పెట్టారు. తార్నాకలో ఇప్పుడున్న ఐఐసీటీ దాని వారసురాలే. 1958లో పోషకాహార పరిశోధన సంస్థ నగరానికి వచ్చింది. 1977లో సీసీఎంబీ మొదలైంది.

వీటన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపింది బాలానగర్‌లోని ఐడీపీఎల్. కేంద్ర ప్రభుత్వం 1961లో ఈ కంపెనీని ఏర్పాటు చేసి, సోవియట్ యూనియన్ సాయంతో ఇక్కడ ఫ్యాక్టరీ కట్టింది. అది మందులు తయారు చేసింది, మనుషుల్ని కూడా తయారు చేసింది. కాలేజీలో పుస్తకాల కెమిస్ట్రీ చదివిన వాళ్ళు టన్నుల కొద్దీ మందు ఎలా తీయాలో అక్కడే నేర్చుకున్నారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. డాక్టర్ రెడ్డీస్‌లో పనిచేసిన వాళ్ళు బయటికొచ్చి దివీస్, హెటెరో లాంటి కంపెనీలు పెట్టారు. ఒక సర్కారీ ఫ్యాక్టరీలో నేర్చిన పని చేతులు మారుతూ ఒక పరిశ్రమగా పెరిగింది.

దీనికి 1970 పేటెంట్ చట్టం కూడా తోడైంది. మందుకు కాకుండా, దాన్ని తయారు చేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇస్తామని ఆ చట్టం చెప్పింది. వేరే పద్ధతిలో అదే మందు తీయగలిగిన కెమిస్టుకు దారి దొరికింది. 2005లో మందుకే పేటెంట్ ఇచ్చే విధానం వచ్చేసరికి ఇక్కడి కంపెనీలు నిలదొక్కుకున్నాయి. ఐడీపీఎల్ మాత్రం 1992 నాటికే ఖాయిలా పడింది. ఇప్పుడది బాలానగర్ దారిలో ఒక బస్టాపు పేరుగానే చాలామందికి తెలుసు.

టీకాల కథ కూడా ఇలాంటిదే. వరప్రసాద్ రెడ్డి పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. మన దేశంలో జన్యు సాంకేతికతతో తయారైన మొదటి టీకా అదే. అప్పటిదాకా దిగుమతి టీకా డోసుకు వందల రూపాయలు పెట్టాల్సి వచ్చేది. శాంతా దాన్ని 50 రూపాయల దగ్గరికి తెచ్చింది. తొలినాళ్ళ పరిశోధనకు చోటు ఇచ్చింది ప్రభుత్వ సంస్థలే. ఇక్కడి బ్యాంకులు వెనకాడిన రోజుల్లో డబ్బు పెట్టింది ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. గల్ఫ్‌తో మన వాళ్ళ సంబంధం కూలి పనులకే పరిమితం కాదనడానికి ఇదొక ఉదాహరణ.

జీనోమ్ వ్యాలీ ఎందుకు ఫలించింది?

రాష్ట్ర ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీని మొదలుపెట్టింది. అక్కడ భూమితో పాటు నాలెడ్జ్ పార్కులో రెడీమేడ్ ల్యాబులు కూడా అద్దెకు దొరికాయి. చిన్న కంపెనీకి సొంత ల్యాబ్ కట్టుకోవడం తలకు మించిన భారం. గాలి శుద్ధి, కరెంటు, వ్యర్థాల ఏర్పాట్లు అన్నీ ఉన్న గది అద్దెకు దొరికితే పరిశోధన వెంటనే మొదలవుతుంది.

ఆ పని ఫలితమిచ్చింది. కోవిడ్ సమయంలో కోవాగ్జిన్ వచ్చింది భారత్ బయోటెక్ నుంచి. ఆ కంపెనీ ఉన్నది ఈ జీనోమ్ వ్యాలీలోనే. ప్రపంచంలో వాడే టీకాల్లో మూడో వంతు హైదరాబాద్ నుంచే వెళ్తున్నాయని ప్రభుత్వం చెప్పుకుంటోంది.

ఐడీపీఎల్ పని నేర్పింది, నాలెడ్జ్ పార్కు ల్యాబ్ ఇచ్చింది. రెండు చోట్లా ప్రభుత్వం చేసిన ఖర్చు మనిషి నైపుణ్యానికి ఉపయోగపడింది. తర్వాత వచ్చిన విధానాల్లో ఈ భాగం తగ్గి, భూసేకరణ, అనుమతుల వేగం ముందుకొచ్చాయి.

భూమి చుట్టూ తిరిగిన పదేళ్ళు

గత ప్రభుత్వం ముచ్చర్ల దగ్గర దాదాపు 19 వేల ఎకరాల్లో ఫార్మా సిటీ కడతామంది. యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాల్లో భూసేకరణ మొదలుపెట్టింది. మేడిపల్లి, నానక్‌నగర్, తాటిపర్తి, కుర్మిద్ద రైతులు ఒప్పుకోక కోర్టు మెట్లెక్కారు. ఆ ప్రాజెక్టును రద్దు చేస్తామన్న కాంగ్రెస్ అధికారంలోకి వచ్చాక అదే ప్రాంతంలో ఫ్యూచర్ సిటీ అంటోంది. భూమి ఇచ్చిన రైతు మాత్రం అసలు తన పొలం దేనికి పోయిందో తెలియక అయోమయంలో ఉన్నాడు.

ఫార్మా విలేజీల ఆలోచన లగచర్లలో దెబ్బతింది. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం కొడంగల్‌లోని ఈ ఊళ్ళో 2024 నవంబరులో అభిప్రాయ సేకరణకు వెళ్ళిన కలెక్టర్, అధికారుల మీద దాడి జరిగింది. అరెస్టులు జరిగాయి. లంబాడీ ఆడవాళ్ళు ఢిల్లీ దాకా వెళ్ళి మొర పెట్టుకున్నారు. ఆ నెలాఖరుకు ప్రభుత్వం ఫార్మా కోసం ఇచ్చిన నోటిఫికేషన్ వెనక్కి తీసుకుని, పారిశ్రామిక కారిడార్ అని పేరు మార్చింది.

కేంద్రం వైపు నుంచీ రాష్ట్రానికి అన్యాయం జరిగిన మాట నిజం. 2022లో కేంద్రం మూడు బల్క్ డ్రగ్ పార్కులు మంజూరు చేస్తే అవి గుజరాత్, హిమాచల్ ప్రదేశ్, ఆంధ్రప్రదేశ్‌లకు వెళ్ళాయి. దేశంలో బల్క్ డ్రగ్ తయారీకి పెద్ద కేంద్రమైన హైదరాబాద్‌కు రాలేదు. అయినా, పార్కు వస్తే అన్నీ వచ్చినట్టేనా అన్నది వేరే ప్రశ్న.

పటాన్‌చెరు నేర్పిన పాఠం

రైతులు ఫార్మా అనగానే ఎందుకు భయపడుతున్నారో తెలియాలంటే పటాన్‌చెరు చూడాలి. అక్కడి కాలుష్యంపై కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైనే.

ఇది చేపలకు, పొలాలకు మాత్రమే సంబంధించింది కాదు. మందు కలిసిన నీటిలో బతికిన బ్యాక్టీరియా ఆ మందుకు లొంగడం మానేస్తుంది. మామూలు మాత్రతో తగ్గాల్సిన ఇన్ఫెక్షన్‌కు ఖరీదైన ఇంజెక్షన్లు రాయాల్సి వస్తుంది. ఆ బిల్లు కట్టేది సామాన్య కుటుంబమే.

అదే ప్రాంతంలో, పాశమైలారంలో, 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. 54 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ళలో 8 మంది ఆనవాళ్ళు కూడా దొరకలేదు. చనిపోయిన వాళ్ళలో చాలామంది ఒడిశా, బిహార్ లాంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన వాళ్ళు. అంతకు ఏడాది ముందు, 2024 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్‌లోని అచ్యుతాపురం ఫార్మా యూనిట్‌లో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. సదస్సులో చెప్పే ఉద్యోగాల సంఖ్యలో ఇలాంటి పనులు కూడా కలిసే ఉంటాయి.

ఉద్యోగం అంటే ఏ ఉద్యోగం?

ఈ పరిశ్రమలో ఉద్యోగాలన్నీ ఒకటి కావు. స్థూలంగా నాలుగు మెట్లున్నాయి.

పైన గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు. బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ 2024లో, ఆమ్జెన్, ఎలీ లిల్లీ 2025లో హైదరాబాద్‌లో కేంద్రాలు తెరిచాయి. నోవార్టిస్, సనోఫీ ముందే ఉన్నాయి. ఇక్కడ మందులు తయారు కావు. క్లినికల్ ట్రయల్స్ డేటా, మందుల సైడ్ ఎఫెక్టుల నమోదు, అనుమతుల పత్రాలు లాంటి పని జరుగుతుంది. దీనికి ఫార్మసీతో పాటు మంచి ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ కావాలి.

తర్వాత జీనోమ్ వ్యాలీ లాంటి చోట్ల పరిశోధన ల్యాబులు. ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసిన వాళ్ళకు అక్కడ చోటు. మూడోది మాత్రలు, ఇంజెక్షన్లు తయారు చేసే ప్లాంట్లలో క్వాలిటీ, ప్రొడక్షన్ విభాగాలు. బీ-ఫార్మసీ, బీఎస్సీ పిల్లలు ఎక్కువగా చేరేది వీటిలోనే. చివరిది బల్క్ డ్రగ్ యూనిట్లు. ఐటీఐ చేసిన ఆపరేటర్లు, కాంట్రాక్ట్ హెల్పర్లు అక్కడ ఉంటారు. జీతం తక్కువ, ప్రమాదం ఎక్కువ.

తెలంగాణ జనాభాలో ముస్లింలు 2011 లెక్కల ప్రకారం 12.7 శాతం. చదువులో, ఉద్యోగాల్లో వాళ్ళు ఎంత వెనకబడ్డారో సుధీర్ కమిషన్ 2016లో ప్రభుత్వానికే నివేదిక ఇచ్చింది. బీసీ-ఈ కింద ఉన్న 4 శాతం రిజర్వేషన్ కాలేజీ సీటుకు, సర్కారీ కొలువుకు పనికొస్తుంది. ప్రైవేటు ఫార్మా కంపెనీ గేటు దగ్గర అది చెల్లదు. సుల్తాన్-ఉల్-ఉలూమ్, దక్కన్, షాదాన్ లాంటి విద్యాసంస్థల ఫార్మసీ కాలేజీల నుంచి ఏటా పిల్లలు బయటికొస్తున్నారు. వాళ్ళలో ఆడపిల్లలూ ఎంతోమంది. డిగ్రీ చేతికొచ్చాక 'అనుభవం ఉందా?' అన్న మొదటి ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. ఒకప్పుడు ఆ అనుభవం ఇచ్చిన ఐడీపీఎల్ లాంటి చోటు ఇప్పుడు లేదు.

దూరం మరో అడ్డంకి. పాతబస్తీ నుంచి తుర్కపల్లికి రోజూ వెళ్ళి రావడం చిన్న విషయం కాదు. జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు మెట్రో అన్నది ఇంకా ప్రతిపాదనే. షిఫ్టు రాత్రి అయిపోతే అమ్మాయిని ఇంటికి ఎవరు తెస్తారన్న భయంతో ఎన్నో ఇళ్ళలో ఉద్యోగం మాటే మానేస్తారు.

సర్కారు చేయగలిగినవి

కొత్త చట్టం కూడా అక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని ఇప్పటికే నిబంధన ఉంది. టీజీఐఐసీ ద్వారా భూమి, రాయితీలు తీసుకునే ప్రతి ఫార్మా కంపెనీ దీన్ని ఎంతవరకు పాటించిందో ఏటా బయటపెట్టాలని షరతు పెట్టవచ్చు.

మైనారిటీ విద్యార్థులు విదేశాల్లో పీజీ చేయడానికి ప్రభుత్వం 20 లక్షల రూపాయల దాకా స్కాలర్‌షిప్ ఇస్తోంది. మంచి పథకమే. ఒక విద్యార్థికి అక్కడ పెట్టే డబ్బుతో ఇక్కడ జీనోమ్ వ్యాలీలో చాలామందికి ఏడాది పాటు స్టైపెండ్ ఇచ్చి పని నేర్పించవచ్చు. ఆ పథకాన్ని అలాగే ఉంచి, దాని పక్కన ఇదీ పెట్టవచ్చు. స్కిల్స్ యూనివర్సిటీలో ఫార్మా కోర్సులు ఉన్నాయి. పాతబస్తీకి, జిల్లాలకు దగ్గర్లో వాటి కేంద్రాలు ఉంటే, జీనోమ్ వ్యాలీ దగ్గర ఆడపిల్లలకు హాస్టల్, షిఫ్టు బస్సులు ఉంటే ఇంకా ఎక్కువ మందికి అందుతాయి.

మూడోది భద్రత. ఫ్యాక్టరీల తనిఖీ ఎప్పుడు జరిగింది, ఏ లోపం కనిపించింది, దాన్ని సరిచేశారా అన్నది జనం చూసేలా ఉండాలి. అనుమతి ఎన్ని రోజుల్లో ఇచ్చామో గొప్పగా చెప్పే ప్రభుత్వం తనిఖీ లెక్క కూడా చెప్పాలి.

అప్పటిదాకా కుటుంబాలు తమ వంతు జాగ్రత్త పడాల్సిందే. ఫార్మసీ సీటు తీసుకునే ముందు ఆ కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ గుర్తింపు ఉందా, అక్కడ ల్యాబ్ నడుస్తోందా, పాత విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారు అన్నవి అడగాలి. జీప్యాట్, నైపర్ ప్రవేశ పరీక్షలకు డిగ్రీ మూడో ఏడాది నుంచే సిద్ధమైతే బాలానగర్‌లోనే ఉన్న నైపర్ లాంటి కేంద్ర సంస్థలో పీజీ సీటుకు అవకాశం ఉంటుంది.

వచ్చే ఫిబ్రవరిలో మళ్ళీ సదస్సు ఉంటుంది, మళ్ళీ ఎంవోయూలు ఉంటాయి. గతంలో కుదిరిన ఒప్పందాల వల్ల ఎంతమంది స్థానిక పిల్లల పేరు మీద పీఎఫ్ ఖాతా తెరుచుకుంది, అందులో ఎన్ని పర్మినెంట్, ఎన్ని కాంట్రాక్ట్ అన్న పట్టిక కూడా అదే వేదిక మీద చూపిస్తే, ప్రకటించిన వేల కోట్లలో తమ ఇంటి దాకా వచ్చిందెంతో ప్రతి కుటుంబమూ తేల్చుకోగలుగుతుంది.