గుర్తింపని రోగము, గురి లేని మందు

2025లో గుంటూరు జిల్లాలోని తురకపాలెము గ్రామమున వరుసగా మరణములు సంభవించి, వానికి మెలియాయిడోసిస్ అను వ్యాధి కారణము కావచ్చునన్న అనుమానము పత్రికలకెక్కినప్పుడు, తెలుగు పాఠకులలో అనేకులు ఆ పేరును మొట్టమొదటిసారి వినిరి. విని, ఎచ్చటినుండియో కొత్త మహమ్మారి వచ్చి మనమీద పడినదని భయపడిరి. నిజమునకు ఆ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవి దక్షిణాసియా వరిమళ్ల బురదలో చిరకాలముగ కాపురమున్నదే. దానిని గుర్తించుటకు వలసిన సాధనము నూట నలుబది యేండ్లుగా మానవజాతి చేతిలో నున్నదే. ఆ సాధనమును జ్వరపీడితుడైన రైతు పడకచెంతకు చేర్చుట ప్రభుత్వముల ప్రథమ కర్తవ్యమనియు, మందుకంటె ముందు పరీక్ష యను నియమమును మన వైద్యమున స్థిరపఱుపవలెననియు ఈ వ్యాసమున నా మనవి.

ఆ సాధనమునకు ఆద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అను డెన్మార్కు దేశపు వైద్యుడు. 1884లో ఆతడు బెర్లిను నగరమున, న్యుమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తుల ఖండములలో సూక్ష్మజీవులను స్పష్టముగ చూడగోరి రంగులతో ప్రయోగములు చేయుచు, ఊదారంగును పట్టించి, అయొడినుతో దానిని బిగించి, పిమ్మట ఆల్కహాలుతో కడిగినచో కొన్ని జాతుల బాక్టీరియా ఆ రంగును విడువక నిలుపుకొనుటయు, కొన్ని వెంటనే విడిచివేయుటయు గమనించెను. విడిచినవానికి ఎఱ్ఱని రంగు పట్టించు పద్ధతిని తరువాతివారు చేర్చిరి. నేడు ప్రయోగశాలలో స్లైడుపై ఊదాగా కనబడువానిని గ్రామ్ పాజిటివ్ అనియు, గులాబివర్ణమున కనబడువానిని గ్రామ్ నెగటివ్ అనియు అందురు. ఈ వర్ణభేదము వెనుక నిర్మాణభేదము కలదు. గ్రామ్ నెగటివ్ జీవుల పలుచని కణకుడ్యమునకు వెలుపల మఱియొక పొర యుండును. ఆ పొర పెన్సిలిను మొదలగు పెక్కు ఔషధములను లోనికి రానీయదు. అది చిట్లినప్పుడు వెలువడు విషపదార్థము రోగి రక్తపుపోటును పడద్రోసి ప్రాణముమీదికి తెచ్చును. టైఫాయిడు, కలరా, ప్లేగు, రక్తవిరేచనములు కలిగించు షిగెల్లా, మూత్రకోశమును బాధించు ఈ కోలై, మెదడు పొరలను వాపజేయు మెనింగోకాకస్, ఆసుపత్రి పడకలనే ఆశ్రయించి బ్రదుకు క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ అన్నియు ఈ వర్గములోనివే. పెన్సిలినునకు లొంగని ఇట్టి జీవులలో పెక్కింటిపై గూడ పనిచేయు ఆరియోమైసిను 1948లో లోకమునకు వెల్లడియైనప్పుడు, ఆ పరిశోధనలకు నాయకత్వము వహించినవారు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

మెలియాయిడోసిస్ క్రిమియు గ్రామ్ నెగటివ్ వర్గములోనిదే. దాని శాస్త్రనామము బర్ఖోల్డేరియా సూడోమాలై. దాని చరిత్ర తెలుగువారికి చిరపరిచితమైన బర్మాదేశపు రంగూను నగరములో ఆరంభమైనది. మనవారు కాకినాడ, విశాఖపట్టణము రేవులలో ఓడలెక్కి కూలిపనులకై ఆ నగరమునకు వేలకొలదిగ పోవుచున్న రోజులవి. అచ్చట 1911లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అను వైద్యుడును, ఆయన సహాయకుడు సి. ఎస్. కృష్ణస్వామియు శవపరీక్షలు జరుపుచు, అంతవఱకు ఎవరును వర్ణింపని యొక వ్యాధిని కనుగొనిరి. చూపునకు అది గుఱ్ఱములకు వచ్చు గ్లాండర్స్ వ్యాధిని పోలియుండెను. కాని చీమునుండి క్రిమిని వేఱుచేసి పెంచి చూడగా, అది గ్లాండర్స్ క్రిమివలె నిశ్చలముగ నుండక చలించుచుండెను. దానికంటె వేగముగ పెరుగుచుండెను. 1912లో వారు తమ శోధనను ప్రకటించిరి. పోలికతో తృప్తిపడి ఆగక, క్రిమిని పెంచి చూచినందుననే ఆ వ్యాధి లోకమునకు తెలిసినది.

ఈ క్రిమి నేలలోను నిలువనీటిలోను జీవించును. తొలకరి తరువాత దమ్ము చేసిన మడిలో వట్టికాళ్లతో నిలిచి నాట్లువేయు స్త్రీల పాదముల పగుళ్లనుండి, గట్లు చెక్కు రైతు చేతిగాయమునుండి అది శరీరమున ప్రవేశింపవచ్చును. గాలివానలో ఎగసిన తుంపరలద్వారా ఊపిరితిత్తులనే చేరవచ్చును. ఒకరినుండి మఱియొకరికి అంటుకొనుట మిక్కిలి అరుదు. మధుమేహము గలవారికి ఇతరులకంటె సుమారు 12 రెట్లు అధికముగ ఈ అపాయము కలదని పరిశోధకుల అంచనా. మూత్రపిండముల వ్యాధి గలవారును, అతిగా మద్యము సేవించువారును ఆ తరువాతివారు. తగిన చికిత్స అందని చోట్ల నూటికి 40 మందియో అంతకంటె నెక్కువయో మరణింతురు. ఇంటింట మధుమేహము, ఊరూర వరిసాగు గల మన డెల్టాలలోను చెఱువుల ఆయకట్టులలోను ఈ వ్యాధిని గూర్చి నిశ్చింతగా నుండుటకు ఆధార మెక్కడిది?

రోగలక్షణములను చూచి దీనిని పోల్చుట అనుభవజ్ఞులకైనను కష్టము. ఒకరికి న్యుమోనియాగా, ఒకరికి కీలువాపుగా, మఱియొకరికి కాలేయములోనో ప్లీహములోనో చీముగడ్డలుగా వచ్చును. నెలలకొలది దగ్గు, జ్వరము, బరువు తగ్గుట, ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే క్షయయని నిశ్చయించి, తెమడలో క్షయక్రిములు కనబడకున్నను ఆ మందులే ఆరునెలలు వాడించిన ఉదాహరణములు వైద్యగ్రంథములలో అనేకము. జ్వరమునకు మన ఊళ్లలో మొదట పడునది సెఫ్ట్రియాక్సోన్ సూది. అది టైఫాయిడునకు ఉపకరించును, మెలియాయిడోసిస్‌నకు చాలదు. దీనికి సెఫ్టాజిడైమ్ గాని మెరోపెనెమ్ గాని కనీసము పది పదునాలుగు దినములు నరములోనికెక్కించి, పిదప కో-ట్రైమాక్సజోల్ మాత్రలు మూడునెలలు వాడవలెను. మధ్యలో మానినచో వ్యాధి తిరుగబెట్టును. క్రిమి పేరు తెలియక ఇట్టి దీర్ఘచికిత్సను ఏ వైద్యుడు వ్రాయగలడు?

ప్రయోగశాలలోనైనను ఇది సులభముగ చిక్కునది కాదు. రోగి రక్తమును కల్చర్ సీసాలో నింపి, క్రిమి పెరిగిన తరువాత స్లైడుపై రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూచినచో, గులాబిరంగు కడ్డీల రెండు కొనలు చిక్కగాను నడుమ వెలవెలబోయియు, మూసిన పిన్నీసువలె కనబడును. ఆక్సిడేజ్ కాగితముపై రుద్దినచో క్షణములలో ఊదారంగు వచ్చును. కాని సూడోమోనాస్‌నకును ఆ రంగే వచ్చును గనుక, తొందరపడినవారు రిపోర్టులో సూడోమోనాస్ అని వ్రాసి పంపుదురు, లేదా బయటినుండి కలిసిన మలినమని పాఱవేయుదురు. శ్రద్ధగలవారు అంతటితో ఆగరు. జెంటామైసిను, కొలిస్టిను బిళ్లలకు సాధారణముగ లొంగక, అమాక్సిసిలిన్-క్లావులనేట్ బిళ్లచుట్టు మాత్రము క్రిమి పెరుగక ఖాళీవలయ మేర్పడుట చూచి అనుమానింతురు. ప్లేటును నాలుగు దినములుంచి, ఎండి ముడుతలుపడిన కాలనీలను చూచి నిర్ధారణకై పెద్ద ప్రయోగశాలకు పంపుదురు. ఇందు వలసినవి శిక్షణగల కన్ను, ఓర్పు, కొన్ని చవుకైన బిళ్లలు.

2016లో వెలువడిన యొక అంతర్జాతీయ పరిశోధన, ప్రపంచమున ఏటేట సుమారు 1,65,000 మందికి ఈ వ్యాధి సోకుచున్నదనియు, వారిలో 89,000 మంది మరణించుచున్నారనియు, ఈ భారములో నూటికి 44 పాళ్లు దక్షిణాసియాదే యనియు అంచనా వేసినది. మన దేశమున మణిపాల్, వేలూరు వంటి చోట్లనుండి ఈ వ్యాధి నివేదికలు హెచ్చుగ వచ్చుచున్నవి. అక్కడి నేల పాపము చేసికొన్నది కాదు. అక్కడ వెదకువా రున్నారు. వెదకని చోట రోగులు ఇతర రోగముల పేర్లతో మరణింతురు, లెక్కలు నిర్మలముగ నుండును. ఆ నిర్మలత్వమును ఆరోగ్యమని భ్రమించుటకంటె ప్రమాదము లేదు.

ఫలితము వచ్చుటకు రెండు మూడు దినములు పట్టును, ప్రాణముమీదికి వచ్చిన రోగిని అంతవఱకు మందులేక ఉంచవలెనా యని కొందఱు వైద్యులు అడుగుదురు. ఉంచనక్కరలేదు. రక్తమును సీసాలోనికి తీయుటకు పట్టునది కొద్ది నిమిషములు. తీసిన వెంటనే మందు మొదలుపెట్టి, ఫలితమునుబట్టి మార్చుకొనవచ్చును. సూది పడిన తరువాత తీసిన రక్తములో క్రిమి దొరకుట దుర్లభము. ఒక్క కల్చర్‌లో దొరకకున్నంతమాత్రమున రోగము లేదనరాదు. అనుమానము బలముగ నున్నచో చీమును, మూత్రమును, గొంతుస్రావమును గూడ పరీక్షింపవలెను. ఖర్చు మాట యందురా, పనిచేయని సూదులకును, నెలలతరబడి వాడిన అక్కరలేని క్షయమందులకును, ఐసీయూ పడకలకును పేదవాడు పెట్టు ఖర్చుముందు ఒక కల్చర్ సీసా ఖరీదెంత?

కావున ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు మూడు పనులను వెంటనే చేపట్టవలెను. ప్రతి జిల్లా ఆసుపత్రిలోను రేయింబవళ్లు రక్తము స్వీకరించు కల్చర్ ప్రయోగశాలయు, దానిని నడుపు సూక్ష్మజీవశాస్త్ర వైద్యుడును శాశ్వతముగ నుండవలెను; యంత్రమును కొని మనిషిని నియమింపకుండుట ప్రజాధనమును తుప్పుపట్టించుటయే. రెండవది, మెలియాయిడోసిస్ నిర్ధారణయైన ప్రతి రోగి వివరము ఆరోగ్యశాఖకు తప్పనిసరిగ చేరునట్లు శాసింపవలెను. మూడవది, వానకాలమున జ్వరముతో వచ్చిన మధుమేహ రోగిని నీ పని ఏమి, మడిలో దిగితివా, కాలికి పుండు ఉన్నదా యని అడుగు అలవాటును ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునినుండి ఊరి ఆర్.ఎం.పి. వఱకు అందఱికిని నేర్పవలెను. పొలములో దిగువారికి బూట్లు, పుండ్లకు కట్టు, కాచిన నీరు అను మాటలు ఆశా కార్యకర్తల నోట ప్రతి తొలకరికి వినబడవలెను.

పాఠకులకును ఒక బాధ్యత కలదు. తమ ఇంటివారికి జ్వరము తగ్గక సూదిమందు మొదలుపెట్టవలసి వచ్చినప్పుడు, కల్చర్‌నకు రక్తము తీసిరా యని వైద్యుని వినయముగ అడుగుట ధిక్కారము కాదు, హక్కు. రోగిపక్షమున ఆ ప్రశ్న తరచుగ వినబడినచో ఆసుపత్రులు సమాధానము సిద్ధపఱుచుకొనక తప్పదు. అన్నము పెట్టు రైతు ఆ పొలపు బురదవలననే పేరులేని జ్వరముతో మరణించుట, ఆపగల శక్తి యుండియు మనము ఆపని అన్యాయము. దీనిని వచ్చు వానకాలమునకు ముందే సరిదిద్దుట ప్రభుత్వములకు సాధ్యమైన పని.