కళ్లుండీ చూడని రిఫరీ

రెజ్లింగ్ చూసేవాళ్లందరూ కండలు చూస్తారు. నేను చారల చొక్కా మనిషిని చూస్తాను. కాకినాడలో డ్రిల్లు మేస్టారిగా చేసి రిటైరైనవాణ్ణి. స్కూలు పిల్లల ఆటల్లోనూ, సంక్రాంతికి లంక గ్రామాల్లో పెట్టే టోర్నమెంట్లలోనూ కబడ్డీకి విజిల్ ఊదినవాణ్ణి. గెలిచినవాడి వెనక ఊరుంటుంది, ఓడినవాడి వెనకా ఊరుంటుంది. విజిల్ పట్టుకున్నవాడి వెనక ఎవరూ ఉండరు. మా మనవడు మొన్న డబ్ల్యూడబ్ల్యూఈ చూస్తూ, "ఇదంతా ఉత్తుత్తిదే కదా తాతయ్యా, మరి రిఫరీ ఎందుకు?" అన్నాడు. ఉత్తుత్తిది కాబట్టే కావాలిరా అన్నాను. వాడికి సగమే బోధపడింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు రూల్సు చూడండి. అవతలివాడి రెండు భుజాలూ నేలకి ఆనించి నొక్కిపెడితే, రిఫరీ పక్కన పడుకుని అరచేత్తో మూడుసార్లు కొడతాడు. మూడోది పడితే గెలుపు. రింగు బయటికి పోయినవాడు పది లెక్కపెట్టేలోగా లోపలికి రావాలి, జపాన్‌లో అయితే ఇరవై దాకా ఇస్తారు. తాడు అందుకుంటే పట్టు వదిలెయ్యాలి. గొంతు నులమడం లాంటి తప్పుడు పట్టు పడితే ఐదు లెక్కపెట్టేలోగా వదలాలి. ఈ ఆఖరి రూలు పెట్టిన మహానుభావుడెవరో గానీ అతనికి దండం పెట్టాలి. ఐదు దాకా గడువుందంటే నాలుగు దాకా తప్పు చెయ్యొచ్చనే కదా! దుష్టపాత్రవాడు సరిగ్గా నాలుగు దగ్గర వదిలేసి, రెండు చేతులూ పైకెత్తి, పాపం పసివాడిలా మొహం పెడతాడు. ఇంకోటుంది. డిస్‌క్వాలిఫై అయితే మ్యాచ్ పోతుంది గానీ మామూలుగా బెల్టు పోదు. ఓటమి ఖాయమని తెలిసిన ఛాంపియన్ అందుకే కుర్చీ వెతుక్కుంటాడు. సివిల్ కోర్టు వాయిదాల చుట్టూ తిరిగినవాళ్లకి ఈ కిటుకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రిఫరీ పని. అతని చెవిలో చిన్న ఇయర్‌పీస్ ఉంటుంది. టైమెంతుందో తెర వెనక నుంచి దాంట్లో చెబుతుంటారు. ఇతను కిందపడ్డవాణ్ణి పలకరిస్తున్నట్టు వంగి ఆ మాట చేరవేస్తాడు. దెబ్బ నిజమా నటనా అన్నది ముందుగా కనిపెట్టాల్సినవాడు కూడా అతనే. వీటన్నిటికంటే నన్ను ముక్కున వేలేసుకునేలా చేసేది అతని చూపు. మేనేజరు తాళ్లెక్కి రభస చేస్తాడు, రిఫరీ అటు తిరుగుతాడు, వెనక కుర్చీ దెబ్బ పడుతుంది. ఒక్క క్షణం ముందు తిరిగినా, ఒక్క క్షణం వెనక తిరిగినా సీను చెడిపోతుంది. జోడీల మ్యాచ్‌లో ఇంకా సొగసు. దెబ్బలు తిని తిని పాక్కుంటూ వచ్చినవాడు చివరికి తన జోడీగాడి చెయ్యి తాకుతాడు. రిఫరీ చూడలేదు, చెల్లదంటాడు. హాలు హాలంతా మేం చూశాం మొర్రో అని అరుస్తుంది. చూడాల్సిన ఒక్కడే చూడలేదు. నేను ఉద్యోగం పొడుగునా చూడ్డం నేర్చుకున్నాను, వాళ్లు చూడకపోవడం నేర్చుకుంటారు. రెండో విద్యే కష్టమని నా అభిప్రాయం.

ఈ రుచి మనకి కొత్తదేం కాదు. గదాయుద్ధంలో నాభికి కింద కొట్టకూడదన్నది నియమం. అది వింటున్న ప్రతివాడికీ తెలుసు. తెలుసు కాబట్టే భీముడు దుర్యోధనుడి తొడలు విరగ్గొట్టిన చోట కథ భగ్గుమంటుంది. తీర్థయాత్రల నుంచి అప్పుడే వచ్చిన బలరాముడు, ఇద్దరికీ గదావిద్య నేర్పినవాడు, అధర్మం అంటూ నాగలెత్తుతాడు. కృష్ణుడు అడ్డుపడి సర్దిచెబుతాడు. ఆ నియమమే లేకపోతే అది వంద దెబ్బల్లో ఇంకో దెబ్బ, అంతే. ఎస్వీ రంగారావు నాటకాలాడిన యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ మా కాకినాడదే. తర్వాత సినిమాలో ఆయన వేసిన దుర్యోధనుణ్ణి చూసినవాళ్లం, దుష్టపాత్ర విలువ మాకు ఒకరు చెప్పాలా?

రిఫరీనే కథానాయకుణ్ణి చేసిన సందర్భాలు రెండున్నాయి. 1988 ఫిబ్రవరి 5న హల్క్ హోగన్, ఆండ్రే ది జెయింట్ల మ్యాచ్. హోగన్ భుజం లేచే ఉంది, అయినా రిఫరీ మూడు కొట్టేశాడు. బెల్టు పోయింది. ఇంతలో అచ్చం అదే మొహంతో ఇంకో రిఫరీ రింగులోకొచ్చాడు. డేవ్ హెబ్నర్, ఎర్ల్ హెబ్నర్ నిజంగానే కవలలు. మన 'రాముడు భీముడు'కి ఎన్టీఆర్ ఒక్కరే రెండు వేషాలూ కట్టాల్సొచ్చింది, వాళ్లకి ఆ శ్రమ కూడా లేకపోయింది.

రెండోది నవ్వులాట కాదు. 1997 నవంబరు 9, మాంట్రియల్. ఛాంపియన్ బ్రెట్ హార్ట్ కంపెనీ వదిలి పోటీ కంపెనీకి వెళ్లిపోతున్నాడు, సొంత దేశంలో బెల్టు వదులుకోనన్నాడు. ప్రత్యర్థి షాన్ మైకేల్స్ అతనికి షార్ప్‌షూటర్ పట్టు వేశాడు. హార్ట్ ఓటమి ఒప్పుకోలేదు. అయినా రిఫరీ ఎర్ల్ హెబ్నర్ గంట కొట్టమని సైగ చేసి రింగు దిగి పోయాడు. యజమాని విన్స్ మెక్‌మాన్ ఆజ్ఞ అది. ముందే రాసుకున్న ఆటలో, ఆటగాడికి చెప్పకుండా ముగింపు మార్చేశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా అభిమానులు ఆ గంట మాట మర్చిపోలేదు. ఉత్తుత్తి ఆటలో మోసం జరిగిందని అంత మంది బాధపడ్డారంటే, ఆ ఆటకీ ఒక నీతి ఉందన్నమాటే.

అసలు చిక్కు జీతం దగ్గరుంది. 1989లో ఇదే కంపెనీ అమెరికాలో న్యూజెర్సీ చట్టసభ ముందు, మాది పోటీ కాదు, వినోదం అని తనంతట తనే ఒప్పుకుంది. క్రీడా కమిషన్ అజమాయిషీ, పన్నులు తప్పించుకోవడానికి. మంచిదే, నిజం చెప్పారు. కానీ దాంతో అక్కడ రిఫరీ మీద బయటివాడి కన్ను కూడా పోయింది. రిఫరీకి జీతమిచ్చేది యజమానే అయితే, మాంట్రియల్ లాంటి రాత్రి అతను కాదనగలడా?

మన దగ్గరికొద్దాం. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగింది. జాన్ సీనా భారతదేశంలో మొదటిసారి కుస్తీ పట్టింది అక్కడే. సేత్ రోలిన్స్‌తో జట్టుకట్టి గెలిచాడు. ఆ స్టేడియానికి ఉన్న పేరు మా కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగి గారిది. కాకినాడలోనే లాయరుగా ప్రాక్టీసు మొదలుపెట్టిన మనిషి. లోక్‌సభ స్పీకరు అంటే రిఫరీ కాక ఇంకేమిటి? 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం మీద ఓటింగు. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఎంపీగా ఓటెయ్యొచ్చా లేదా అన్న ప్రశ్న వస్తే, బాలయోగి గారు ఆయన మనస్సాక్షికే వదిలేశారు. ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది, 269కి 270. ఆ నిర్ణయం సరైందా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నిజమైన తీర్పుకి ఆ బరువుంటుంది.

ఆ హైదరాబాద్ షోకి రెండు వారాల ముందే అసలు కుస్తీని నడిపే మన జాతీయ సమాఖ్యని, టైముకి ఎన్నికలు పెట్టలేదని అంతర్జాతీయ సంస్థ సస్పెండ్ చేసింది. నెల తర్వాత, అక్టోబరు 7న, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నా కబడ్డీ పరువు పోయినంత పనైంది. ఇరాన్‌తో ఫైనల్, 28-28. పవన్ సెహ్రావత్ కూతకి వెళ్లి ఎవరినీ తాకకుండానే లాబీలోకి వెళ్లిపోయాడు, వెనకే ఇరాన్ వాళ్లూ వెళ్లారు. పాత రూలు ఒకటంటుంది, కొత్త రూలు ఇంకోటంటుంది. తీర్పు ఇచ్చారు, మార్చారు, మళ్లీ మార్చారు. రెండు జట్లూ కోర్టులో కూర్చుండిపోయాయి. గంటసేపు ఆట లేదు. చివరికి మనం 33-29తో గెలిచాం. గెలిచింది మనమే అయినా ఆ గంట నేను తల దించుకునే చూశాను. చూడకపోవడం తెలిసిన రెజ్లింగ్ రిఫరీ నయమనిపించింది. తను ఏం చెయ్యాలో కనీసం అతనికి తెలుసు.

అందుకే ఆ రెజ్లింగ్ వాళ్లే ఇప్పుడు ఆ రిఫరీని చవక చేస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది. రోమన్ రెయిన్స్ 1,316 రోజులు ఛాంపియన్‌గా ఉన్నాడు. అందులో ఎన్ని మ్యాచ్‌ల్లో అతని వరస అన్నదమ్ములు అడ్డుపడలేదు? 2022లో కార్డిఫ్‌లో అయితే లెక్కపెడుతున్న రిఫరీనే బయటికి లాగేశారు. అప్పటికి బాగుంది. 2024 ఏప్రిల్‌లో రెసిల్‌మేనియాలో అతను ఓడిన మ్యాచ్‌కి 'బ్లడ్‌లైన్ రూల్స్' అని పేరు పెట్టారు, అంటే రూల్సు లేవని అర్థం. సీనా వచ్చాడు, రాక్ వచ్చాడు, అండర్‌టేకర్ కూడా వచ్చాడు. మా మనవడు సోఫా ఎక్కి గెంతాడు. నేనూ చప్పట్లు కొట్టాను, కాదనను. కానీ రిఫరీ ఎవరో మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తులేదు. కుర్చీ ఎత్తినా తప్పు కాదన్నప్పుడు, కుర్చీ ఎత్తినవాణ్ణి తిట్టుకునే సరదా మాకెందుకు మిగులుతుంది? నాలుగు దాకా నులిమి ఐదుకి ముందు వదిలే ఆ దొంగచూపు మళ్లీ కావాలి. రూల్సు లేని మ్యాచ్ ఏడాదికొకటి చాలు. రిఫరీ స్పృహ తప్పడం షోకి ఒకసారి, అదీ పెద్ద షోకి మాత్రమే ఉండాలి.

ఇళ్లలో పరుపుల మీద ఈ ఆట ఆడే పిల్లలున్నవాళ్లకి ఒక్క మాట. రిఫరీ రెండు చేతులూ పైకెత్తి ఎక్స్ ఆకారంలో అడ్డంగా పెట్టాడంటే, దెబ్బ నిజంగా తగిలింది, డాక్టరు రావాలి అని. ఈమధ్య దాన్ని కూడా అడపాదడపా కథలో వాడేస్తున్నారు, అది నాకు నచ్చదు. ఏదేమైనా మీ పిల్లలకి పట్లు వచ్చేలోగా ముందు ఆ గుర్తు నేర్పండి. ఎవరు చూపించినా ఆట అక్కడే ఆపాలని గట్టిగా చెప్పండి.