క్త్వార్థకంలో పోయిన సొమ్ము

"వ్యాకరణం తప్పితే కొంప మునుగుతుందా మాష్టారూ?" అని మా కుర్రవాళ్లు నవ్వుతారు. 2016 జూన్ 17న మునిగింది.

ఈథీరియంలో స్మార్ట్ కాంట్రాక్టులని వున్నాయి. అవి ప్రోగ్రాముగా రాసిన ఒప్పందాలు. షరతు నెరవేరితే సొమ్ము దానంతటదే చేతులు మారుతుంది. నడుమ గుమాస్తా లేడు. "డీఏవో" అలాంటిదే. అందులో "పద్దు కొట్టివేసి సొమ్మివ్వు" అని వుండవలసింది, "సొమ్మిచ్చి పద్దు కొట్టివెయ్యి" అని పడింది. ఏ పనికి క్త్వార్థకం తగిలించాలో అదే తప్పు! ఎవడో సొమ్ము అందుకుని, పద్దు కొట్టివేసేలోపల మళ్లీ చెయ్యి చాచాడు. మళ్లీ, మళ్లీ. 36 లక్షల ఈథర్లు, ఆనాటి ధరకు సుమారు 5 కోట్ల డాలర్లు, తోడేశాడు. జూలై 20న నియమాలే మార్చి సొమ్ము వెనక్కి తిప్పారు. అది ధర్మం కాదన్నవాళ్లు "ఈథీరియం క్లాసిక్" అని వేరుకుంపటి పెట్టుకున్నారు.

ఒకసారి ఎక్కించిన ఒప్పందాన్ని దిద్దడం కష్టం గనుక ముందే ప్రూఫు చూడాలి. ఇప్పుడా పని డీప్ లెర్నింగ్‌కు నేర్పుతున్నారు. తప్పున్నవీ లేనివీ అని గుర్తుపెట్టిన వేలాది ప్రోగ్రాములు చూపిస్తే, అది పోలిక పట్టుకుంటుంది. (ఆ గుర్తులు కూడా తరచు మరో యంత్రం పెట్టినవేనట!) అయితే తప్పు లేనిచోటా ఎర్రసిరా పూస్తుంది, ఎన్నడూ చూడని తప్పయితే వూరుకుంటుంది.

మా మేనల్లుడిది ఈ ఉద్యోగమే. మొన్న పండక్కి వచ్చి, "యంత్రం సరేనంది, సంతకం పెట్టెయ్యనా మామయ్యా?" అన్నాడు.

"అందులో నీ సొమ్ముంటే పెడతావా?" అన్నాను.

వాడు అరిసె పక్కన పెట్టి లాప్‌టాప్ మళ్లీ తెరిచాడు.