కాలిబాటపై కుర్చీలు, గోల్ఫ్ మైదానాలు: జోనింగ్ నిబంధనల సవరణలో గమనించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

నగరాల భూవినియోగ నిబంధనలు తొలుత రూపొందిన నాటికి ఫలహారశాల అనగా నాలుగు గోడల నడుమ నడిచే వ్యాపారమే. నేడు హోటళ్ల ముందు ఆరుబయట కుర్చీలు వెలుస్తున్నాయి. నగరాల చుట్టూ గోల్ఫ్ మైదానాలకు ఆదరణ పెరుగుతున్నది. మొదటిది అడుగుల లెక్క, రెండవది ఎకరాల లెక్క. అయినను రెండింటిలోను తేలవలసిన విషయం ఒక్కటే: పదిమందికి ఉపయోగపడవలసిన ఖాళీ స్థలాన్ని కొందరికి ఏ షరతుపై అప్పగించవచ్చును?

ఈ విషయమున న్యూయార్క్ నగర అనుభవం పరిశీలించదగినది. అక్కడ కాలిబాటపై ఫలహారశాలలను జోనింగ్ నిబంధనలు కొన్ని ప్రాంతాలకే పరిమితం చేసేవి. కోవిడ్ కారణంగా 2020 జూన్‌లో అత్యవసర ఉత్తర్వుతో ఆ ఆంక్షలు సడలించబడ్డాయి. 2022లో నగర మండలి జోనింగ్ నిబంధనలను సవరించి ప్రాంతీయ పరిమితులను తొలగించింది. 2023లో చేసిన స్థానిక చట్టం లైసెన్సు విధానాన్ని ప్రవేశపెట్టి, రోడ్డుపై వేసే ఆసనాలను ఏప్రిల్ నుండి నవంబరు వరకే అనుమతించింది. అనగా ‘ఎక్కడ’ అన్న ఆంక్ష స్థానే ‘ఏ షరతులపై’ అన్న నియంత్రణ వచ్చింది.

మన నగరాలలో ఇదే పద్ధతిని యథాతథంగా అనుసరించుటకు వీలులేదు. ఇక్కడి కాలిబాటపై పాదచారితోపాటు వీధి విక్రేతకు కూడా చట్టబద్ధమైన హక్కు ఉన్నది. 2014నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు జారీ చేసేవరకు ఎవరినీ తొలగించరాదు. పట్టణ విక్రయ కమిటీలో విక్రేతల ప్రతినిధులు 40 శాతానికి తగ్గరాదు. వారిలో మూడవ వంతు మహిళలు ఉండాలి. రుసుము చెల్లించగల హోటలు కుర్చీల కొరకు, ఏళ్ల తరబడి అదేచోట పూలు అమ్ముకొనే మహిళ లేచిపోవలసివస్తే, అది నిబంధనల నవీకరణ అనిపించుకోదు. కావున ఆసనాలకు అనుమతి ఇచ్చుటకు ముందే ఆ వీధి విషయం కమిటీ పరిశీలనకు రావడం సమంజసం.

పాదచారికి కనీసం 1.8 మీటర్ల నిరాటంకమైన వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. కాలిబాటను వినియోగించుకొనే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసిన సంగతి విదితమే. ఈ వెడల్పు మిగలని చోట కుర్చీకి తావులేదు. చక్రాల కుర్చీలో వెళ్లే వ్యక్తి వాహనాల నడుమకు దిగవలసిన పరిస్థితి కల్పించరాదు.

గోల్ఫ్ విషయానికి వస్తే, 18 హోల్స్ మైదానానికి సాధారణంగా నూరు ఎకరాలకు పైగా భూమి అవసరమవుతుంది. పటములో అది పచ్చగానే కనిపించినను, సభ్యులకే ప్రవేశమున్న మైదానం ప్రజా ఉద్యానవనంతో సమానం కాదు. రెండింటినీ ‘వినోద స్థలం’ అనే ఒకే శీర్షిక క్రింద లెక్కించినచో, నగరవాసికి అందని పచ్చదనం కూడా అందినట్లు గణాంకాలలో నమోదవుతుంది. వేసవిలో పచ్చికకు తాగునీరు, భూగర్భజలం వాడకుండా శుద్ధిచేసిన మురుగునీటినే వాడాలన్న షరతు అనుమతి పత్రంలోనే ఉండాలి. హైదరాబాద్‌లో గోల్కొండ కోటకు చెందిన నయాకిలాలో గోల్ఫ్ మైదానం ఉన్నది. ఇటువంటి రక్షిత కట్టడాల చెంత పురపాలక నిబంధనలకు తోడు కేంద్ర చట్టం కూడా వర్తిస్తుంది. 2010నాటి సవరణ ప్రకారం రక్షిత హద్దు నుండి 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషిద్ధం. ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం.

భూవినియోగ మార్పునకు ముందు ప్రజల నుండి అభ్యంతరాలు, సూచనలు కోరడం పరిపాటి. ఆ ప్రకటనలో సర్వే నంబర్లు మాత్రమే ఉంటే సామాన్యునికి ప్రయోజనం స్వల్పం. కాలిబాటలో మిగిలే వెడల్పు ఎంత, స్థానచలనం పొందే విక్రేతలు ఎందరు, మైదానానికి నీరు ఎక్కడిది, ప్రవేశం ఎవరికి అన్న వివరాలు తెలుగులో ఉండాలి. అధికారులు వీటిని ప్రకటించడం, పాత్రికేయులు వీటిని అడగడం అలవాటైననాడే నిబంధనల సవరణ అర్థవంతమవుతుంది.