ముందు కుర్చీ ఎవరిది?

ప్రియులారా, గత ఆదివారము మీ గుడిలో ముందు కుర్చీ ఎవరికి వేసితిరి? ఇస్త్రీ చొక్కా తొడిగి, చేతికి గడియారము పెట్టి, రొమ్ము విరుచుకొని వచ్చినవానికి గదా? నాటు వేసిన బురద గోళ్లలో నిలిచియుండగా, వెలిసిన చీరతో తల వంచుకొని వచ్చిన కూలి తల్లికి ఏ చోటు చూపితిరి? చెప్పులు విడుచు చోటి ప్రక్కనున్న చాప కాదా?

యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో గద్దించినది ఈ సంగతినే. ఉంగరము గలవానికి మంచి ఆసనము, మాసిన బట్టలవానికి నేల! ఇది చిన్న పొరపాటని ఆయన అనలేదు, పాపమనెను.

“అయ్యగారూ, మనిషిని చూడగానే తెలియదా?” అని మీరనవచ్చును. ఏమి తెలియును? బట్టను చూచిన దాని వెల తెలియును. వంగిన నడుమును చూచిన అది మోసిన బరువు తెలియును. హృదయము తెలియదు. సమూయేలంతటి ప్రవక్తయే ఏలీయాబు ఎత్తును చూచి పొరబడెను.

మన తాతలను తలంచుకొనుడి. అనేక పల్లెలలో వారు ఆసాముల వీధిని పోవునప్పుడు చెప్పులు చేతబట్టుకొని, భుజముమీది తువాలు తీసి, నడుము వంచి నడువవలసి వచ్చెను. తిరువాన్కూరు సంస్థానములోనైతే నాడారు స్త్రీలు రొమ్ముమీద వస్త్రము కప్పుకొనుటయే తప్పాయెను. వారిలో అనేకులు క్రైస్తవులు. కప్పుకొన్నందుకు దెబ్బలు తినిరి. తుదకు 1859లో రాజు అనుమతినిచ్చెను. అప్పుడును పై కులముల స్త్రీలవలె ధరింపరాదను షరతు విడువలేదు. బట్టతోను నడకతోను మనుష్యుని కొలిచిన కొలబద్ద అది. సువార్త దానిని విరిచెనని సంతోషించినవారి మనుమలము మనము. ఆ ముక్కలనే అతికించి గుడి గుమ్మములో పట్టుకొని నిలిచియున్నాము!

నేనును దోషినే. ఒకప్పుడు ఒక కూలి సోదరుడు పనిబట్టలతో ఆరాధనకు రాగా, సంఘపెద్ద ఒకరు అతనిని వరండాలో కూర్చుండబెట్టిరి. నేను ప్రసంగపీఠమునుండి చూచితిని, నోరు తెరువలేదు. మరుసటి ఆదివారము అతడు రాలేదు. అటు తరువాతను రాలేదు. ఆనాటి నా ప్రసంగము ఏ వాక్యముమీదనో నాకు జ్ఞాపకము లేదు గాని, అతని ముఖము జ్ఞాపకమున్నది.

“శుభ్రత అక్కరలేదా?” అందురా? అక్కరయే. అయితే శుభ్రత వేరు, వెల వేరు. ఉన్న ఒక్క చీరను రాత్రి ఉతికి, తెల్లవారి తడి ఆరకమునుపే కట్టుకొని వచ్చిన తల్లికంటె పట్టుచీర ధరించిన ఆమె దేవుని ఎక్కువగా గౌరవించినదా?

18 ఏండ్లు నడుము వంగియున్న స్త్రీని యేసు సమాజమందిరములో చూచి, పిలిచి, చేతులుంచి, చక్కగా నిలువబెట్టెను. ఆమె అబ్రాహాము కుమార్తె యని అందరి యెదుట చెప్పెను (లూకా 13). ఆయన నిలువబెట్టినవారిని ఆయన ఇంటిలోనే మనము మరల వంచుదుమా?

సంఘపెద్దలారా, రాబోవు ఆదివారము ముందు కుర్చీని తీసివేయుడి. లేదా మొదట వచ్చినవారిని అందులో కూర్చుండబెట్టుడి. వరండాలో ఎవరైన నిలిచియున్నయెడల మీరే లేచి వెళ్లి, చెయ్యిపట్టి లోపలికి తీసికొని రండి. తీర్పు దినమున ప్రభువు మనమేమి ధరించితిమని అడుగడు. బట్టలేనివానికి ఏమి చేసితిమని అడుగును.