పాత బండికి కొత్త నిప్పురవ్వ

ముప్పయి నలభై ఏళ్ళనాటి మోటారు సైకిలును ఇంకా వదులుకోలేని వారికి ఒక జబ్బు బాగా పరిచయం. నిన్న సాయంత్రం దివ్యంగా నడిచిన బండి ఈ ఉదయం ఎన్ని కిక్కులు కొట్టినా పలకదు. మెకానిక్కు వచ్చి ఒక చిన్న మూత విప్పుతాడు. సి.బి. పాయింట్ల నడుమ గరుకు కాగితం దూర్చి రెండుసార్లు గీస్తాడు. బండి స్టార్టవుతుంది. పదిహేను రోజుల తరువాత మళ్ళీ అదే తంతు. ఇలా నాలుగైదుసార్లు జరిగాక ఎవరో ఒకరు యజమాని చెవిలో ‘ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్’ అనే మంత్రం ఊదుతారు.

ఆ మంత్రం పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. అయితే ఏ బండికైనా ఏ పెట్టె అయినా సరిపోతుందనుకోవడం పొరపాటు.

సి.బి. పాయింట్ల పద్ధతి అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో మోటారు కార్ల కోసం రూపొందించినది. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బ్యాటరీ నుండి కాయిల్‌లోనికి విద్యుత్తు ప్రవహిస్తుంది. అవి విడివడగానే ఆ ప్రవాహం తెగిపోయి, కాయిల్‌లోని రెండవ చుట్టలో వేల వోల్టుల పీడనం పుట్టి, ప్లగ్గు కొనల నడుమ నిప్పురవ్వ దూకుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే రెండు స్ట్రోకుల ఇంజనులో పాయింట్లు నిమిషానికి 3,000 సార్లు తెరుచుకోవాలి. ఆ రాపిడికి పాయింటు మడమ అరుగుతుంది. అది అరిగినకొద్దీ పాయింట్ల సందు తగ్గుతుంది, నిప్పురవ్వ ఆలస్యమవుతుంది. పాత బుల్లెట్‌కు ఉండవలసిన సందు మిల్లీమీటరులో మూడో వంతు కంటె కొంచెం ఎక్కువ, అంతే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఈ తెరిచే మూసే పనిని అయస్కాంతమూ ట్రాన్సిస్టరూ చేస్తాయి. ఒకదానినొకటి తాకే భాగాలు లేవు కనుక అరుగుదల లేదు. దీనివల్ల బండికి అదనపు బలం వస్తుందని కొందరు దుకాణదారులు ఊరిస్తారు. పాయింట్లు సరిగా ఉన్న ఇంజనుకు అలాంటిదేమీ పెద్దగా రాదు. వచ్చే లాభమల్లా నిలకడ.

కొనేముందు చూడవలసినది పెట్టెను కాదు, బండిలో విద్యుత్తు ఎక్కడి నుండి వస్తున్నదో దానిని. మైసూరులో 1996 దాకా తయారైన జావా, యెజ్డీలను తీసుకోండి. (రెండు పొగగొట్టాలు చూసి పాత 250 జావాను రెండు సిలిండర్ల బండి అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు, దానికి ఉన్నది ఒకటే.) పాత జావాలో ఉండేది 6 వోల్టుల డైనమో. 12 వోల్టులకు చేసిన పెట్టెను తెచ్చి దానికి తగిలిస్తే పాయింట్లే నయమనిపిస్తుంది. ఎందుకంటే పాయింట్లు నీరసించిన బ్యాటరీతో కూడా ఏదో ఒక నిప్పురవ్వను రాల్చగలవు. ఎలక్ట్రానిక్ పెట్టెకు కనీస వోల్టేజి అందకపోతే అది మొండికేస్తుంది, లేదా వేళ తప్పి నిప్పు పెడుతుంది. ఇటువంటి బండికి రెండే దారులు. 6 వోల్టులకే తయారైన పెట్టెను వెతకడం ఒకటి. డైనమోనే తీసివేసి, దాని స్థానంలో అయస్కాంతాలూ తీగచుట్టలూ గల 12 వోల్టుల జనరేటరును ఇగ్నిషన్‌తో సహా బిగించడం రెండవది. రెండవదానికి ఖర్చు ఎక్కువ. బల్బులు, హారను, బ్యాటరీ అన్నీ మారాలి. అయినా అటువంటి సెట్లలో ఇగ్నిషన్‌కు వేరే చుట్ట ఉన్నవాటిని ఎంచుకుంటే బ్యాటరీ చచ్చిపోయినా ఇల్లు చేరవచ్చు. రాత్రి ప్రయాణాలు చేసేవారికి ఈ ఖర్చు దండుగ కాదు.

ఎస్కార్ట్స్ సంస్థ 1983లో విడుదల చేసిన రాజ్‌దూత్ 350 కథ వేరు. దానికి నిజంగానే రెండు సిలిండర్లు, రెండు జతల పాయింట్లు. ఏ జత ఎంత అరిగితే ఆ సిలిండరు టైమింగు అంత తప్పుతుంది. రెండింటినీ ఒకే తీరున నిలిపి ఉంచే ఎలక్ట్రానిక్ సెట్టు ఈ బండికి చేసే మేలు మిగతా బండ్లకు చేసే మేలు కంటె ఎక్కువ. కాని నిప్పురవ్వ అవసరానికి మించి ముందుగా పడేటట్లు బిగిస్తే పిస్టను నెత్తికి చిల్లు పడుతుంది. దానికి సరిపోయే పిస్టను దొరకడం నేడు అంత సులభం కాదు.

ఇక బుల్లెట్. 1955లో మద్రాసులో మొదలైన ఈ బండి విషయంలో పందెం పిస్టను మీద కాదు, యజమాని కాలి మీద. నిప్పురవ్వ ముందుగా పడితే కిక్కు రాడ్డు తిరిగి తంతుంది. ఆ దెబ్బకు పాదమో చీలమండో విరగవచ్చు. పాతకాలపు బుల్లెట్ యజమాని కిక్కును నెమ్మదిగా నొక్కుతూ అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చే క్షణం కోసం చూస్తాడు. ముల్లు మధ్యకు వచ్చిందంటే పాయింట్లు విడివడ్డాయని, పిస్టను పైకి చేరిందని అర్థం. అప్పుడు డీకంప్రెసరు మీట పట్టి పిస్టనును కాస్త దాటించి, మీట వదిలి, నిండుగా కిక్కు కొడతాడు. ఇంజను ఆగి ఉన్నప్పుడు చాలా ఎలక్ట్రానిక్ పెట్టెలు కాయిల్‌కు విద్యుత్తును తామే ఆపివేస్తాయి. తాళం తిప్పి మరచిపోయినా కాయిల్ వేడెక్కదు, అది మంచిదే. కాని అమ్మీటరు ముల్లు ఇక ఏ కబురూ చెప్పదు. పిస్టను ఎక్కడున్నదో కాలికి తెలిసే బిగువును బట్టే గుర్తించాలి.

బుల్లెట్‌లోనే మరొక మెలిక ఉంది. వేగం పెరిగినకొద్దీ నిప్పురవ్వను ముందుకు జరిపేందుకు పాయింట్ల కింద చిన్న బరువులూ స్ప్రింగులూ ఉంటాయి. చవక సెట్లు పాయింట్లను మాత్రమే తీసివేసి ఈ యంత్రాంగాన్ని అలాగే ఉంచుతాయి. స్ప్రింగులు సాగిపోయి, ఇరుసు ఊగుతూ ఉంటే పైన ఎంత గొప్ప పెట్టె ఉన్నా టైమింగు కుదరదు. ముందుకు జరిపే పనిని కూడా తానే చేసే సెట్టు ధర ఎక్కువైనా, అరిగిన బండికి అదే తగినది.

అంతకంటె ముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. పాయింట్ల నడుమ నీలిరంగు మంట బలంగా కనిపిస్తూ, అవి తరచూ మాడిపోతూ ఉంటే నేరం చాలాసార్లు కండెన్సరుది. ఆ చిన్న డబ్బీని మార్చడంతో తీరిపోయే జబ్బుకు ఇగ్నిషన్ మొత్తం మార్పించుకున్నవారు తక్కువ కాదు.

సెట్టు కొనాలనే నిశ్చయించుకుంటే దుకాణంలోనే అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బండి ఫ్రేముకు బ్యాటరీ ఏ కొస కలిసి ఉన్నది? కొన్ని పాత బ్రిటిష్ బండ్లలో పాజిటివ్ కొస కలిసి ఉంటుంది. తీగలు తారుమారు చేస్తే పెట్టె ఆ క్షణంలోనే కాలిపోతుంది. పాత కాయిల్ పనికివస్తుందా? సి.డి.ఐ. రకానికి సాధారణంగా వేరే కాయిల్ కావాలి. ప్లగ్గు మూతలో రెసిస్టరు ఉందా? లేకపోతే నిప్పురవ్వ పుట్టించే విద్యుత్ అలజడి పెట్టెనే తికమక పెట్టవచ్చు. బిగించిన తరువాత టైమింగును స్ట్రోబు లైటుతో చూడగల మెకానిక్కు ఊళ్ళో ఉన్నాడా? పాయింట్లకు బల్బు తగిలించి చూసే పాత ఉపాయం ఇక్కడ చాలదు.

పాయింట్లు ఘాట్ రోడ్డు మీద మొరాయిస్తే గోళ్ళు గీసుకునే ఆకురాయితోనైనా బాగుచేసుకోవచ్చు. కాలిపోయిన ఎలక్ట్రానిక్ పెట్టెను మాత్రం ఏ మెకానిక్కూ విప్పలేడు. దానిలోపల అంతా గట్టిపడిన జిగురే. అందుచేత తీసివేసిన పాయింట్ల ప్లేటును, కండెన్సరును, బరువుల యంత్రాంగాన్ని పారవేయక నూనెగుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టెలో పెట్టుకోవాలి. విప్పేముందు ప్లేటు ఏ స్థానంలో ఉన్నదో మేకుతో ఒక గీత గీసి ఉంచుకుంటే చీకట్లో కూడా తిరిగి బిగించవచ్చు.