మాట చెప్పుట - మాట యిచ్చుట

చదరంగమున ప్రత్యర్థి ఎదుటనే కూర్చుండును. అతని బలమెంతయో, బలగమెక్కడ నున్నదో బల్లమీద కనబడుచునే యుండును. అతనితో మాటాడవలసిన పనిలేదు. అతనిని నమ్మవలసిన అవసరము అసలే లేదు. ఎత్తు తెలిసినవాడు గెలుచును. కాని ఆటగాండ్రు ఇద్దరు కాక ఏడుగురైనచో, అందులో ఎవ్వడును ఒంటరిగా ముందడుగు వేయజాలనిచో, అప్పుడు ఎత్తుతోపాటు మాటకును విలువ యేర్పడును. అట్టి ఆట యొకటి కలదు. దాని పేరు ‘డిప్లొమసీ’, అనగా దౌత్యము. ఒకనాడు బల్లచుట్టును చేరి ఆడిన ఈ ఆటను నేడు అంతర్జాలమున, ఒకరి మొగమొకరు చూడకయే, అనేకులు ఆడుచున్నారు.

అలెన్ కాల్హమర్ అను అమెరికా దేశీయుడు దీనిని 1954లో రూపొందించి, 1959లో 500 ప్రతులు స్వయముగా తయారుచేయించెను. ఆయన తరువాత ఉత్తరములు పంచు తపాలా ఉద్యోగిగా చిరకాలము పనిచేసి 2013లో మరణించెను. ఆటకు రంగస్థలము 1901 నాటి యూరపు పటము. అందు ఏడు రాజ్యములు, 34 కేంద్రములు. 18 కేంద్రములు చేజిక్కించుకొన్నవాడు విజేత. పాచికలు లేవు; అదృష్టమునకు తావు స్వల్పము. మొదట ఆటగాండ్రు రహస్యముగా మంతనములు జరుపుదురు. పిమ్మట ఎవరి ఆజ్ఞలు వారు గోప్యముగా వ్రాయుదురు. అన్నియు ఒక్కమారే బయటపడును. సమానబలములు ఢీకొన్నచో ఎవ్వరును కదలరు. కనుక కదలవలెనన్న పొరుగువాని మద్దతు కావలెను. పొరుగువాడు మద్దతిచ్చెదనన్న మాటను నిలుపుకొని తీరవలెనను నియమము మాత్రము ఆటలో ఎక్కడను లేదు.

ఇంగ్లండు, ఫ్రాన్సు తమ నడుమనున్న జలసంధిని ఖాళీగా విడిచెదమని ఒప్పుకొందురు. ఆజ్ఞాపత్రము వ్రాయు క్షణమున ఇరువురికి ఒకే సందేహము: ‘నేను మాట నిలుపుకొని, అతడు నౌకను నడిపినచో?’ ఆస్ట్రియా ఇటలీల సంగతి మరింత సున్నితము. ట్రియెస్టు, వెనిసు సరిహద్దు పంచుకొన్న స్వస్థలములు. మొదటి ఎత్తునుండియే నమ్మకయు తప్పదు, నమ్మినను భయమే. ఈ భయమును పెంచుటకు మూడవవాడు సిద్ధముగా నుండును. ‘నీ మిత్రుడు ఈసారి నీమీదికే వచ్చుచున్నాడు సుమా!’ అని చెవిలో నూదును. చిన్నయసూరి నీతిచంద్రిక చదివినవారికి ఇది క్రొత్త కాదు. మిత్రభేదమున సింహమునకును వృషభమునకును నడుమ చేరిన దమనకుడు చేసిన పని ఇదియే.

ఇట్టి ఆట విద్యార్థులకు ద్రోహము నేర్పునని కొందరు పెద్దల ఆక్షేపణ. అది తొందరపాటు. 34లో 18 సగమునకు మించిన సంఖ్య. కనుక మిత్రులిద్దరును విజేతలు కాజాలరన్నది నిజమే. అయినను మిగిలినవారందరు ఒప్పుకొని ఫలమును పంచుకొని ఆట ముగించుటకు అవకాశము కలదు. కావున ద్రోహము విధి కాదు, ఎంపిక. ఎవ్వరిని నమ్మనివానికి మద్దతిచ్చువాడు దొరకడు. వాడు తన సరిహద్దులోనే నిలిచిపోవును. అందరిని నమ్మినవాడు త్వరలోనే పటమునుండి తుడిచిపెట్టుకొనిపోవును. ఆట నేర్పునది ఈ రెంటి నడుమనున్న వివేకము.

ఆ వివేకమునకు ఆధారములు మాటలలోనే దొరకును. అంతర్జాలమున ఈ ఆట ఆడినవారి సందేశములను అమెరికా విశ్వవిద్యాలయముల పరిశోధకులు పరిశీలించి 2015లో ఫలితములు ప్రకటించిరి. మిత్రుల మాటలలోని మర్యాద, ఉత్సాహము, రేపటిని గూర్చిన ఆలోచన ఒకరివైపు హఠాత్తుగా ఎక్కువై, రెండవవైపు తగ్గి, తూకము చెదరుట రాబోవు ద్రోహమునకు సూచన యని వారు తేల్చిరి. అతివినయము ధూర్తలక్షణమని మన పెద్దలు ఏనాడో అన్నమాటకు ఇది దూరము కాదు.

ఇంతకంటె లోతైన ప్రశ్నను 2022 నవంబరులో ఒక యంత్రము లేవనెత్తినది. మెటా సంస్థవారు ‘సిసెరో’ అను కృత్రిమ మేధను నిర్మించి, ఎదుటివారికి తెలియనీయక, 40 ఆటలలో మనుష్యులతో ఆడించిరి. ఒకటికి మించి ఆటలాడినవారిలో అది మొదటి పదవ వంతున నిలిచెను. చెప్పునప్పటి తన సంకల్పమునకు అనుగుణముగనే అది మాటాడునట్లు నిర్మాతలు ప్రయత్నించిరి. అయినను అది మోసగించిన సందర్భములు కలవని వేరొక పరిశోధక బృందము 2024లో ఎత్తిచూపినది. ఇది యెట్లు సాధ్యము?

తెలుగు నుడికారమున దీనికి సమాధానము కలదు. మాట చెప్పుట వేరు, మాట యిచ్చుట వేరు. ఈ క్షణమున మనసులోనున్నదానిని ఉన్నట్లు పలికినవాడు మాట చెప్పినవాడు. పరిస్థితి మారినను, లాభము ఎదురై పిలిచినను, నేడు పలికినదానికి రేపటి తన్ను కట్టివేసికొన్నవాడు మాట యిచ్చినవాడు. యంత్రమునకు మొదటిది నేర్పవచ్చును. లెక్క మారినంతనే దాని దారియు మారును. నిన్నటి పలుకు దానికి భారము కాదు. హరిశ్చంద్రుని మనము తలచుకొనుట అబద్ధమాడకపోవుటవలన మాత్రమే కాదు. సర్వమును పోయినను ఇచ్చిన మాట పోనీయకుండుట వలన.

కావున ఉపాధ్యాయులు ఈ ఆటను నిషేధింప నక్కరలేదు. ఆట ముగిసిన పిమ్మట పిల్లలను ఎదురెదురుగా కూర్చుండబెట్టి, ఎవరు ఏమనిరి, ఎవరు ఎందుకు తప్పిరి అని చర్చింపజేయుట మేలు. తెరపై ఆడునప్పుడు ఓడినవాని మొగము కానరాదు. వాని బాధ ఒక సందేశపు పంక్తిగా మిగిలిపోవును. ఈ చర్చలో ఆ మొగము మరల కనబడును. బల్లమీద మోసపోవు అవకాశమును అందరును తెలిసి అంగీకరించియే కూర్చుండిరనియు, జీవితమున స్నేహితుడు అట్టి ఒప్పందమేదియు చేసికొనలేదనియు వారికి తెలియజెప్పవలెను. ఆ భేదము తెలిసిన విద్యార్థి ఆటలో ఎన్ని ఎత్తులు వేసినను భయము లేదు.